పక్షం, ప్రతిజ్ఞ, నిర్ణయం: అమెరికా ఉన్నత పాఠశాలలో రెటరిక్ బోధన – ఒక నైతిక ప్రశ్న

వ్యాస సంగ్రహం

అమెరికా ఉన్నత పాఠశాలల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పథకం కింద బోధించే 'ఇంగ్లిష్ లాంగ్వేజ్ అండ్ కాంపొజిషన్' పాఠ్యక్రమం విద్యార్థికి ప్రధానంగా రెండు పనులు నేర్పుతుంది. ఒకటి, ఇతరుల వాదం ఏ విధంగా పనిచేస్తుందో విప్పి చూడడం. రెండు, తాను చేపట్టిన పక్షాన్ని ఆధారాలతో నిలబెట్టడం. ఆ వాదం న్యాయమైనదా, ఆ పక్షాన్ని విద్యార్థి నిజంగా నమ్ముతున్నాడా అన్న ప్రశ్నలకు పరీక్షలో స్థానం లేదు. ఇది నైతిక లోపమా, నైతిక సంయమనమా అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం. ప్లేటో, అరిస్టాటిల్ ఆలోచనలనూ, న్యాయదర్శనంలోని వాద–జల్ప–వితండా వివేచననూ, ఉద్యోగపర్వంలోని సంజయ రాయబారాన్నీ ఆధారం చేసుకొని, పరీక్షకుని తాటస్థ్యం సమర్థనీయమనీ, అది విద్యార్థి తాటస్థ్యంగా మారడమే దోషమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: రెటరిక్, వ్యాసరచన, వాదం, జల్పం, నిర్ణయం, సంజయ రాయబారం, బర్మింగ్‌హామ్ లేఖ

1. ప్రస్తావన

అమెరికాలో పదకొండవ తరగతి చదువుతున్న మా పెద్దమ్మ మనవరాలు కిందటి వేసవిలో మా ఊరు వచ్చినప్పుడు నన్నొక ప్రశ్న అడిగింది. తరగతిలో బడికి సెల్‌ఫోన్లు తేవడాన్ని నిషేధించాలా అన్న అంశంపై వ్యాసం రాయమన్నారట. నిషేధం తగదని ఆమె నమ్మకం. కాని నిషేధించాలనే పక్షానికి ఉదాహరణలు తొందరగా తట్టాయి. నలభై నిమిషాల గడువు. కనుక ఆ పక్షమే రాసింది, మంచి మార్కులు వచ్చాయి. "అయితే నేను అబద్ధం రాసినట్టా?" అన్నది ఆమె ప్రశ్న. అప్పుడు నేను చెప్పిన సమాధానం ఆమెకూ నచ్చలేదు, నాకూ నచ్చలేదు. పరీక్షలో అలాగే రాస్తారులే అన్నాను. ఆ సమాధానం ఎందుకు చాలదో తేల్చుకొనే ప్రయత్నమే ఈ వ్యాసం.

ఈ ప్రశ్న ఒక విదేశీ పాఠ్యక్రమానికి మాత్రమే సంబంధించినది కాదు. వ్యాసరచన బోధన మనకూ ఒకప్పుడు పెద్ద వివాదమే. గత శతాబ్దం రెండవ దశకంలో మద్రాసు రాష్ట్రంలో గ్రాంథిక–వ్యావహారిక వాదాలు తీవ్రరూపం దాల్చడానికి పాఠశాల, కళాశాల విద్యార్థుల 'కాంపొజిషన్' ఏ భాషలో ఉండాలన్న సమస్యే ముఖ్యకారణం. 1913లో గిడుగు రామమూర్తి, జయంతి రామయ్య పంతులు ఎదురెదురు పక్షాల నుంచి ఇంగ్లిష్‌లో పుస్తకాలు వెలువరించారు. ఆ వివాదంలో ప్రధానంగా నిలిచింది భాషారూపం. విద్యార్థి తన నోట ఉన్న భాషలో రాయవచ్చునా అన్నది నాటి ప్రశ్న. విద్యార్థి తన మనసులో ఉన్న మాట రాయనక్కర లేదా అన్నది దానికి తరువాతి మెట్టు.

2. పాఠ్యక్రమ స్వరూపం

అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పథకాన్ని కాలేజ్ బోర్డ్ అనే సంస్థ 1950ల నుంచి నిర్వహిస్తోంది. ఉన్నత పాఠశాలలోనే కళాశాల స్థాయి పాఠాలు చెప్పి, మే నెలలో పరీక్ష జరిపి, 1 నుంచి 5 వరకు స్థాయిని నిర్ణయించడం దాని పద్ధతి. తగిన స్థాయి సాధించిన వారికి అనేక కళాశాలలు ప్రవేశానంతరం ఆ మేరకు మినహాయింపు ఇస్తాయి. సాహిత్యపరీక్ష నుంచి విడివడి ఇంగ్లిష్ భాషా రచనలకు ప్రత్యేక పరీక్ష 1980లో మొదలైంది. సాహిత్యపరీక్షలో కవిత్వం, కథ, నాటకం ఉంటే, ఇందులో ప్రసంగాలు, లేఖలు, వ్యాసాలు, ఆత్మకథాభాగాలు ఉంటాయి. అంటే కల్పన కాని గద్యమే దీని ప్రధాన క్షేత్రం.

పరీక్షలో 45 బహుళైచ్ఛిక ప్రశ్నలు, మూడు వ్యాసాలు ఉంటాయి. మార్కుల్లో వ్యాసాల వాటా 55 శాతం. మొదటి వ్యాసం సంశ్లేషణ: ఇచ్చిన ఆధారాల్లో కనీసం మూడింటిని ఉపయోగించి ఒక పక్షాన్ని స్థాపించాలి. ఇది 2007లో చేరింది. రెండవది రెటరిక్ విశ్లేషణ: ఒక రచయిత తన ప్రయోజనం సాధించడానికి భాషలో ఏయే ఎంపికలు చేసుకున్నాడో వివరించాలి. మూడవది వాదవ్యాసం: ఒక అభిప్రాయంపై తన పక్షాన్ని ప్రకటించి సమర్థించాలి. ప్రతి వ్యాసానికీ ఆరు మార్కులు. సమర్థించదగిన ప్రతిపాదనకు ఒకటి, ఆధారాలకూ వాటి వివరణకూ నాలుగు, ఆలోచనలో ప్రౌఢికి ఒకటి.

ఈ కొలమానంలో కీలకమైన పదం 'సమర్థించదగిన' అన్నది. ప్రతిపాదన సత్యం కావాలని కాదు, సమర్థనకు నిలవాలని. ఆ మాటలో దాగిన నైతిక నిర్ణయాన్నే మనం పరిశీలించాలి.

3. పూర్వపక్షం: ప్లేటో అభ్యంతరం

రెటరిక్ బోధనపై అతి ప్రాచీనమైన, నేటికీ బలం తగ్గని అభ్యంతరం ప్లేటో 'గోర్జియస్' సంభాషణలో ఉంది. తన కళ ఎంత శక్తిమంతమైనదో గోర్జియస్ అందులో గర్వంగా చెప్పుకుంటాడు: వైద్యుడైన తన సోదరుడు మందు తాగించలేని రోగిని తాను మాటలతోనే ఒప్పించాడు. వైద్యం తెలియనివాడు వైద్యుని మించి నమ్మించగలడన్నది అతనికి ఘనత, సోక్రటీసుకు ప్రమాదసూచన. శిష్యుడు ఈ విద్యను దుర్వినియోగం చేస్తే గురువుది తప్పు కాదనీ, మల్లయుద్ధం నేర్పినవాడు శిష్యుడు తండ్రిని కొట్టినందుకు బాధ్యుడు కాడనీ గోర్జియస్ వాదిస్తాడు. సోక్రటీసు దృష్టిలో రెటరిక్ వైద్యం వంటిది కాదు, రుచికరమైన వంట వంటిది. శరీరానికి ఏది మేలో దానికి తెలియదు, ఏది ఇష్టమో మాత్రమే తెలుసు.

పదహారు పదిహేడేళ్ల వయసు అభిప్రాయాలు గట్టిపడే వయసు. ఆ వయసులో, తాను నమ్మిన దానికన్నా సులభంగా నిలబెట్టగలిగిన దాన్ని ఎంచుకోవడం లాభదాయకమని పదే పదే అనుభవంలోకి వస్తే, నమ్మకమనేది అవసరాన్ని బట్టి మార్చుకొనే వస్త్రంగా మిగులుతుంది. సోక్రటీసు భయం ఇదే.

4. ఉత్తరపక్షం: అరిస్టాటిల్, న్యాయదర్శనం

దీనికి అరిస్టాటిల్ ఇచ్చిన సమాధానం సరళమైనది. విరుద్ధ పక్షాలు రెంటినీ వాదించగలగాలి, రెంటినీ ఆచరించడానికి కాదు, విషయం యథార్థంగా ఎలా ఉందో గ్రహించడానికీ, ఇతరులు అన్యాయంగా వాదించినప్పుడు ఖండించడానికీ. ఎదుటి పక్షాన్ని దాని బలంతో ఒకసారైనా నిలబెట్టి చూడనివాడు తన పక్షం బలాన్ని ఎరగడు. మన శాస్త్రగ్రంథాల్లో సిద్ధాంతానికి ముందు పూర్వపక్షాన్ని విస్తరించి చెప్పడం ఈ వివేకం వల్లనే. బలహీనమైన పూర్వపక్షం కల్పించి దాన్ని కూల్చడం పాండిత్యం అనిపించుకోదు.

న్యాయదర్శనం ఇంకొక అడుగు ముందుకు వేసి, వాదించే వారి ఉద్దేశాన్ని బట్టి కథను మూడుగా విభజించింది. తత్త్వనిర్ణయం కోసం సాగేది వాదం. గెలుపు కోసం సాగేది జల్పం. తన పక్షమంటూ ఏదీ స్థాపించకుండా ఎదుటిదాన్ని ఖండించడమే పనిగా పెట్టుకొనేది వితండ. అయినా గౌతముడు జల్ప వితండలను పూర్తిగా బహిష్కరించలేదు. మొలకను కాపాడడానికి ముళ్లకంచె వేసినట్లు, తత్త్వనిశ్చయాన్ని రక్షించుకోవడానికి అవి ఉపయోగపడతాయన్నాడు. ముళ్లకంచె అవసరమే, కాని పొలమంతా కంచె వేసి విత్తనం చల్లకపోతే రైతుకు మిగిలేది ముళ్లే.

ఈ వివేచన వెలుగులో చూస్తే మా పెద్దమ్మ మనవరాలు అబద్ధం రాయలేదు. అబద్ధానికి వంచించే ఉద్దేశం ఉండాలి. ఇక్కడ రాసినవారికీ, రాయించినవారికీ, దిద్దినవారికీ ఇది అభ్యాసమని తెలుసు. ఆమె చేసింది జల్పాభ్యాసం. అయితే ఆమెను బాధించినది మరొకటి. ఆమె తన పక్షాన్ని ఆధారాల బలాన్ని బట్టి మార్చుకొని ఉంటే అది దోషం కాదు, గుణం. ఆమె మార్చుకున్నది ఆధారాలు తట్టిన వేగాన్ని బట్టి. తొందరగా తట్టిన ఆధారం బలమైన ఆధారం కానక్కర లేదు. గడియారం ముందు ఈ రెంటి మధ్య తేడా చెరిగిపోతుంది. ఆ చెరిగిపోవడాన్ని ఆమె గుర్తించింది. ఆమె ప్రశ్నలోని నిజాయితీ అక్కడుంది.

5. విశ్లేషణలోని చిక్కు: ప్రేక్షకుడా, నిర్ణేతా?

వాదవ్యాసం కన్నా రెటరిక్ విశ్లేషణ మరింత లోతైన సమస్యను లేవనెత్తుతుంది. ఈ పాఠ్యక్రమపు తరగతుల్లో విరివిగా చదివే రచనల్లో మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ చెరసాల నుంచి రాసిన లేఖ ఒకటి. నిరసనలు సమయోచితం కావనీ, న్యాయస్థానాల ద్వారా, స్థానిక చర్చల ద్వారా సమస్యను పరిష్కరించుకోవాలనీ ఎనిమిది మంది శ్వేతజాతి మతాచార్యులు ప్రకటన చేశారు. దానికి ప్రత్యుత్తరమే ఆ లేఖ. ఓపిక పట్టమనే సలహాకు కింగ్ చెప్పిన సమాధానంలో ఒక సుదీర్ఘ వాక్యం ఉంది. తన జాతి అనుభవించిన అవమానాలను ఒకదాని వెంట ఒకటి పేర్చుకుంటూ పోయి, ఇక వేచి ఉండడం ఎందుకు కష్టమో చివరికి చెబుతాడు. వాక్యం ముగిసే దాకా పాఠకుడు కూడా వేచి ఉండాలి. ఆ వరుసలోనే, టీవీలో ప్రకటన చూసి వినోదవనానికి తీసుకుపొమ్మని అడిగిన ఆరేళ్ల కూతురికి, నల్లజాతి పిల్లలకు అక్కడ ప్రవేశం లేదని చెప్పవలసి వచ్చిన తండ్రి నిస్సహాయత ఉంది.

తరగతిలో విద్యార్థి ఈ భాగం చదివి, ఇక్కడ రచయిత 'పేథోస్' వాడాడని రాస్తాడు. పునరుక్తి గుర్తిస్తాడు, వాక్యనిర్మాణాన్ని వివరిస్తాడు. అది తప్పు కాదు. ఆ వాక్యం ఎందుకంత పొడవుందో తెలిసినవాడు దాన్ని మరింత బాగా చదువుతాడు. కాని ఆ బిడ్డ కన్నీళ్లకు ఒక పారిభాషిక పదం దొరికిన తరువాత, కింగ్ చెప్పినది న్యాయమా కాదా అని అడిగేవారు లేకపోతే ఏం జరుగుతుంది? లేఖ ఎవరిని ఉద్దేశించి రాసినదో ఆ పాఠకుని స్థానం ఖాళీగా ఉండిపోతుంది.

తెలుగు శాఖల్లో ఉన్న మనకు ఈ సమస్య మరింత స్పష్టంగా అర్థం కావాలి. రెటరిక్‌ను అలంకారశాస్త్రమని అనువదించడం మనకు అలవాటు. ఆ అనువాదం ఒక ముఖ్యమైన భేదాన్ని మరుగుపరుస్తుంది. మన అలంకారశాస్త్రం ప్రధానంగా కావ్యానికి సంబంధించినది. కావ్యంలో కరుణరసాన్ని అనుభవించిన సహృదయుడు లేచివెళ్లి ఎవరినీ ఓదార్చనక్కర లేదు. సాధారణీకరణం వల్ల ఆ శోకం లౌకిక బాధ్యత నుంచి విడివడుతుంది. రసానుభవానికి ఆ విడివడడమే పునాది. రెటరిక్ అలా కాదు. అది సభలో, న్యాయస్థానంలో, వీధిలో ఒక పని జరగాలని కోరే వాక్కు. అరిస్టాటిల్ శ్రోతలను రెండు విధాలుగా చెప్పాడు: చూసి ఆనందించే ప్రేక్షకుడు, విని తీర్పు చెప్పే నిర్ణేత. కింగ్ లేఖ కోరేది నిర్ణేతను. పరీక్ష తయారు చేసేది ప్రేక్షకుణ్ణి. కావ్యానికి తగిన తాటస్థ్యంతో ఒక విన్నపాన్ని చదవడం ఔచిత్యభంగం.

6. సంజయ రాయబారం: చెప్పని మాట

ఈ భేదాన్ని మన సాహిత్యం నుంచే ఒక సందర్భంతో పరీక్షించవచ్చు. తిక్కన తెనిగించిన ఉద్యోగపర్వంలో శ్రీకృష్ణ రాయబారానికి ఉన్న ప్రసిద్ధి సంజయ రాయబారానికి లేదు. తిరుపతి వేంకటకవుల నాటకాల వల్ల కృష్ణుని మాటలు జనం నాల్కల మీద నిలిచాయి. కాని వాక్కులోని నీతిని పరిశీలించదలచిన వారికి సంజయ రాయబారమే ఎక్కువ చెబుతుంది.

ధృతరాష్ట్రుడు సంజయుణ్ణి పంపిస్తాడు. సంజయుడు శాంతి గొప్పదనం చెబుతాడు. ధర్మరాజు ధర్మబుద్ధిని కొనియాడుతాడు. బంధుజనాన్ని చంపి పొందిన రాజ్యం వల్ల సుఖమేమిటంటాడు. యుద్ధం లేకుండా కౌరవులు భాగం ఇవ్వకపోతే, యుద్ధం చేసి రాజ్యమేలడం కన్నా భిక్షమెత్తుకొని బతకడమే మేలంటాడు. ఇందులో ఒక్కొక్క మాటా ధర్మబద్ధమైనదే. యుద్ధం ఘోరమైనదని యుద్ధపర్వాలన్నీ గడిచాక ధర్మరాజే శోకిస్తాడు. వక్త సౌమ్యుడు, మాట మృదువు, యుక్తి బలమైనది. అరిస్టాటిల్ చెప్పిన మూడు సాధనాలూ, అంటే వక్త శీలం, శ్రోత భావం, యుక్తి, పరిపూర్ణంగా ఉన్నాయి. రెటరిక్ విశ్లేషణకు ఇది పూర్తి మార్కులు తెచ్చే పాఠ్యభాగం.

అయితే ఆ సందేశంలో ఒక మాట లేదు. రాజ్యభాగం తిరిగి ఇస్తామన్న మాట. అన్యాయం చేసినవారిని వదిలి, అన్యాయానికి గురైనవారినే ఓపిక పట్టమనడం ఆ సందేశసారం. ధర్మరాజు దాని ధర్మాన్ని కాదనడు, దాని లోటును చూపుతాడు. శాంతికి తాను సిద్ధమేనని, ఇంద్రప్రస్థం ఇవ్వమని, చివరికి అయిదూళ్లయినా చాలునని అంటాడు.

ఇక బర్మింగ్‌హామ్ మతాచార్యుల ప్రకటనను దీని పక్కన పెట్టి చూడవచ్చు. రెంటి దేశకాలాలు వేరు, వక్తల స్థానం వేరు. వాక్కు నిర్మాణం మాత్రం దగ్గరిది. శాంతి, చట్టం, సంయమనం అన్న మంచి మాటలు అక్కడా ఉన్నాయి. నిరసనలను చూసి బాధపడినవారు ఆ నిరసనలకు కారణమైన పరిస్థితుల పట్ల అంతటి బాధ వ్యక్తం చేయలేదన్నదే కింగ్ అభ్యంతరం. ఆయన కూడా శాంతిని కాదనలేదు, చెప్పని మాటను ఎత్తి చూపాడు. అంతటితో ఆగక, న్యాయమైన చట్టానికీ అన్యాయమైన చట్టానికీ భేదం ఏమిటో చెప్పి, తన వాదాన్ని పరీక్షించే కొలమానాన్ని పాఠకుని చేతికే ఇచ్చాడు.

ఈ పోలిక వల్ల తేలేది ఒకటి. వాక్కులో ఉన్న అలంకారాలను లెక్కించే చదువుకు సంజయుని సందేశం, ధర్మరాజు ప్రత్యుత్తరం సమానంగా కనిపిస్తాయి. వాక్కులో లేనిదేమిటో వెదికే చదువుకు అవి వేరవుతాయి. లేనిదాన్ని వెదకాలంటే ఏమి ఉండాలో తెలియాలి. ఏమి ఉండాలో తెలియడం న్యాయవిచారణ. కనుక రెటరిక్ విశ్లేషణ తన పనిని చివరిదాకా చేస్తే, న్యాయాన్యాయ ప్రశ్నను తప్పించుకోలేదు. ఆ ప్రశ్న బయటినుంచి తెచ్చి అంటించేది కాదు, విశ్లేషణలో అంతర్భాగం.

7. పరీక్షకుని తాటస్థ్యం

ఇంతవరకు చెప్పినదానికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. న్యాయాన్యాయాలకు మార్కులిస్తే ఆ తీర్పు ఎవరిది? భిన్న మతాల, భిన్న రాజకీయ విశ్వాసాల పిల్లలు ఒకే పరీక్ష రాస్తారు. పరీక్షకుడు సత్యానికి మార్కులు వేస్తానంటే, ఆచరణలో తన అభిప్రాయానికి వేస్తాడు. అప్పుడు విద్యార్థి రాసేది తన నమ్మకమూ కాదు, సమర్థించదగినదీ కాదు, పరీక్షకునికి ఇష్టమైనది. సోక్రటీసు భయపడిన వంటకం అదే. 'సమర్థించదగిన' అన్న కొలమానం విద్యార్థిని ఈ ప్రమాదం నుంచి రక్షిస్తుంది. ఇది నైతిక శూన్యత కాదు, అధికారంలో ఉన్నవాడు తనకు తాను విధించుకున్న నిగ్రహం. ఈ ఆక్షేపణను నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను.

అయితే పరీక్షకుడు తటస్థంగా ఉండాలన్నదాని నుంచి విద్యార్థి తటస్థంగా ఉండాలన్నది సిద్ధించదు. తూచేవాడికి సరుకు మీద ఇష్టానిష్టాలు ఉండరాదు. తినేవాడికి ఉండకపోతే ఎలా? పరీక్ష కొలవలేని దాన్ని పాఠం చెప్పకుండా వదిలేయడంలోనే దోషముంది. ఆ దోషం కొలమానంలో లేదు, కొలమానాన్నే గమ్యంగా భావించిన తరగతిలో ఉంది.

న్యాయదర్శనపు పదహారు పదార్థాల్లో వాద, జల్ప, వితండలకు ముందు, తొమ్మిదవదిగా 'నిర్ణయం' ఉంది. పక్ష ప్రతిపక్షాలను విమర్శించి అర్థాన్ని నిశ్చయించుకోవడమే నిర్ణయమని దాని లక్షణం. రెండు పక్షాలూ నేర్పడం తప్పు కాదు. నేర్పి, నిర్ణయం దగ్గరికి తీసుకువెళ్లకుండా నడిమధ్యలో వదిలేయడం తప్పు. అందువల్ల తరగతిలో ప్రతి వ్యాసం తరువాత మార్కులు లేని నాలుగు వాక్యాలు రాయించవచ్చు: ఈ పక్షాన్ని నేను నమ్ముతున్నానా? నమ్మకపోతే నన్ను ఆపుతున్నదేమిటి? ఏ ఆధారం దొరికితే నా అభిప్రాయం మారుతుంది? నేను చదివిన ఈ రచన చెప్పకుండా వదిలినదేమిటి? వీటిని గురువు దిద్దనక్కర లేదు, చదివితే చాలు. పరీక్షకుని నిగ్రహమూ భంగపడదు, విద్యార్థి నిర్ణయాధికారమూ నిలుస్తుంది.

8. ముగింపు

ఈ విచారణ అమెరికా తరగతి గది దగ్గర ఆగితే అసంపూర్ణం. మన స్నాతకోత్తర తరగతుల్లో పద్యం ఇచ్చి అలంకారం గుర్తించమంటాం. సంజయుని మాటల్లో ఏ అలంకారముందో అడుగుతాం, ఆ మాటలు న్యాయమా అని అడగం. పరిశోధనలోనూ అంతే. ఎంచుకున్న కవిని సమర్థించడం సులభమని సమర్థించే సిద్ధాంతవ్యాసాలు మనకు కొత్త కాదు. నా పరిశోధనాప్రణాళికలో మొదటి ప్రతిపాదన కూడా ఆధారాలు సులభంగా దొరికిన దిక్కుకే వాలింది. దాన్ని మార్చుకోవడానికి ఏడాది పట్టింది. ఆ అమ్మాయికి నలభై నిమిషాల గడువు సాకుగా ఉంది. నాకు ఆ సాకు కూడా లేదు.

వ్యాసంలో మొదట ప్రకటించే ప్రతిపాదనకు న్యాయదర్శనంలో 'ప్రతిజ్ఞ' అని పేరు. పంచావయవ వాక్యంలో అది మొదటి అవయవం. తెలుగులో ఆ మాటకు శపథమనే అర్థం కూడా స్థిరపడింది. ఒకే పదానికి ఈ రెండర్థాలు ఉండడం మనకు ఉపయోగపడే విషయం. నిరూపించగలనని చెప్పేది ఒక ప్రతిజ్ఞ, కట్టుబడతానని చెప్పేది ఇంకొక ప్రతిజ్ఞ. విద్యాభ్యాసదశలో మొదటిదాన్ని రెండవదాని నుంచి విడదీసి సాధన చేయించడం అవసరమే. విడదీసిన వాటిని మళ్లీ ఎప్పుడు కలపాలో చెప్పడం గురువు బాధ్యత.

ఆ అమ్మాయికి ఇప్పుడు నేను చెప్పగలిగిన సమాధానం ఇది. నువ్వు రాసినది అబద్ధం కాదు, కాని ఇంకా పూర్తి కాలేదు. రెండు పక్షాలూ నీకు తెలుసు కనుక, ఇక నువ్వేమనుకుంటున్నావో తేల్చుకో. దానికి మార్కులుండవు.